హృదయము: శబ్దము, శారీరము, ప్రమాణము

1. శబ్దవిచారము

సంస్కృతవాఙ్మయమున "హృదయ" శబ్దమెంత ప్రాచీనమో, దాని అర్థపరిధి అంత విశాలము. ఈ శబ్దము ఒకచో రొమ్ములోని మాంసపిండమును, వేరొకచో మనస్సును, ఇంకొకచో సారమును చెప్పుచున్నది. వాగ్భటుని గ్రంథమునకు "అష్టాంగహృదయము" అను పేరు సారమను అర్థముననే కలిగినది. పాణిని హృదయ శబ్దమునకు కొన్ని విభక్తులయందు "హృత్" అను ఆదేశమును విధించెను. మిత్రార్థమున "సుహృత్", అమిత్రార్థమున "దుర్హృత్" అను రూపములను ప్రత్యేకసూత్రముతో సాధించెను. అచ్చతెలుగున "గుండె" ప్రధానముగా అవయవమును చెప్పును. "ఉల్లము" మనస్సును చెప్పును. "ఎద", "డెందము" అనునవి రెండింటి నడుమ సంచరించును. అయినను గుండెనిబ్బరము, గుండెకోత వంటి పలుకుబళ్లలో అవయవవాచకమే చిత్తవృత్తికి ఎక్కుచున్నది. కావున అవయవమునకు, అంతఃకరణమునకు నడుమ ఈ రాకపోకలు రెండు భాషలయందును సహజములే.

ఈ సహజత్వమునుండియే ఒక చిక్కు పుట్టినది. నేడు సభలలోను, వ్యాసములలోను రెండు వాదములు వినవచ్చుచున్నవి. రక్తప్రసరణము, నాలుగు గదులు, కవాటములు అన్నియు మన ఋషులకు తెలియుననునది మొదటివాదము. ప్రాచీనులు హృదయమునుగూర్చి చెప్పినదంతయు కవికల్పనయే యనునది రెండవవాదము. ప్రాచ్యకళాశాలలో పాఠము చెప్పువానికి రెండును అపకారకములే. మొదటిది గ్రంథములో లేని అర్థమును గ్రంథముపై మోపును. రెండవది ఉన్న అర్థమును చదువకయే త్రోసివేయును. కావున ఆధునికశారీరము చెప్పునదేమో, మన గ్రంథములు చెప్పునదేమో, ఈ రెండింటి నడుమ నిలిచిన ప్రమాణభేదమేమో క్రమముగా విచారింతము.

2. హృదయశారీరము

మానవహృదయము రెండు ఊపిరితిత్తుల నడుమ, రొమ్ముటెముకకు వెనుక, విభాజకపటలముపై ఆనుకొని యున్నది. దానిలో సుమారు మూడింట రెండుపాళ్లు శరీరమధ్యరేఖకు ఎడమవైపున నుండును. మొన క్రిందికి, ఎడమకు వంగియుండును. పరిమాణము ఎవరి పిడికిలియంత వారిదని స్థూలముగా చెప్పవచ్చును. వయోజనులలో దాని బరువు సుమారు 250 నుండి 350 గ్రాములు. హృదయావరణమను రెండుపొరల సంచి దీనిని చుట్టియుండును. ఆ పొరల నడుమనున్న కొద్దిపాటి ద్రవము రాపిడిని తప్పించును.

లోపల నాలుగు గదులు గలవు. పైనున్న రెండును కర్ణికలు. క్రిందనున్న రెండును జఠరికలు. కుడి ఎడమల నడుమ నిలువుగోడ యున్నందున ఇరుప్రక్కల రక్తము కలియదు. కుడికర్ణికలోనికి దేహమంతటినుండి మహాసిరల ద్వారా రక్తము చేరును. అది కుడిజఠరికకు దిగి, పుపుసధమని ద్వారా ఊపిరితిత్తులకు పోవును. అచ్చట ఆమ్లజనిని గ్రహించి, బొగ్గుపులుసు వాయువును విడిచి, పుపుససిరల ద్వారా ఎడమకర్ణికకు వచ్చును. అచ్చటినుండి ఎడమజఠరికకు దిగి, బృహద్ధమని ద్వారా సర్వాంగములకు ప్రసరించును. ఎడమజఠరిక దేహమంతటికి రక్తమును నెట్టవలసియుండుటచే దాని గోడ కుడిజఠరిక గోడకంటె సుమారు మూడురెట్లు మందముగా నుండును. పనినిబట్టియే నిర్మాణము అనుటకు ఇది చక్కని ఉదాహరణము.

కర్ణికలకు జఠరికలకు నడుమ కుడివైపున త్రిపత్రకవాటము, ఎడమవైపున ద్విపత్రకవాటము గలవు. జఠరికలనుండి ధమనులు బయలుదేరుచోట్ల అర్ధచంద్రాకార కవాటములు రెండు గలవు. ఈ నాలుగు తలుపులును ఒకవైపునకే తెరచుకొనును. కర్ణికాజఠరికల నడుమనున్న తలుపుల రేకులు వెనుకకు తిరుగబడకుండ సన్నని త్రాళ్లవంటి రజ్జువులు జఠరిక గోడలోని కండరములకు కట్టబడియున్నవి. వైద్యుడు చెవిగొట్టముతో వినునట్టి రెండు ధ్వనులు ఈ కవాటములు మూసికొనునప్పుడు పుట్టినవే. కర్ణికాజఠరికా కవాటములు మూసికొనునప్పుడు మొదటిది, అర్ధచంద్రాకార కవాటములు మూసికొనునప్పుడు రెండవది.

3. హృదయక్రియ

హృదయము నిమిషమునకు 75 సార్లు కొట్టుకొనుచున్నదనుకొందము. అప్పుడు ఒక్కొక్క స్పందమునకు 0.8 సెకండు పట్టును. అందు 0.1 సెకండు కర్ణికలు ముడుచుకొనును, తరువాత 0.3 సెకండు జఠరికలు ముడుచుకొనును, మిగిలిన 0.4 సెకండు హృదయమంతయు సడలియుండును. హృదయమునకు విశ్రాంతియే లేదని లోకమున అందురు. నిజమునకు అది ప్రతిస్పందమునను సగముకాలము విశ్రమించుచున్నది. హృదయకండరమునకు కావలసిన రక్తము గదులలోనిది కాదు. బృహద్ధమని మొదలునుండి పుట్టిన రెండు హృద్ధమనులు దానిని ఇచ్చుచున్నవి. ఎడమజఠరిక గోడకు ఈ రక్తము ముఖ్యముగా ఆ విశ్రాంతికాలముననే అందుచున్నది. అందరికి వడ్డించినవాడు పంక్తి లేచిన తరువాత తాను భుజించునట్లు ఈ వ్యవస్థ అమరియున్నది.

ఈ స్పందమునకు ప్రేరకము మెదడు కాదు. కుడికర్ణిక గోడలో, ఊర్ధ్వమహాసిర ప్రవేశించుచోట, సిరాకర్ణికా కణుపు అను చిన్న కణసముదాయము గలదు. దానిని 1907లో కీత్, ఫ్లాక్ అనువారు వర్ణించిరి. అచ్చట పుట్టిన విద్యుత్ప్రేరణ కర్ణికలయందు వ్యాపించి, కర్ణికాజఠరికా కణుపునొద్ద క్షణకాలము ఆగి, అచ్చటినుండి జఠరికలకు పోవును. ఆ ఆగుటవలననే కర్ణికలు ముందు, జఠరికలు వెనుక అను క్రమము సిద్ధించును. నాడులు ఈ వేగమును పెంచును, తగ్గించును, పుట్టింపవు. అందుచేతనే 1967 డిసెంబరు 3న కేప్‌టౌనులో బర్నార్డు అను శస్త్రవైద్యుడు ఒకరి హృదయమును తీసి మరియొకరి దేహమున అమర్చినప్పుడు, నాడుల సంబంధము తెగినను అది కొట్టుకొనగలిగెను.

హృదయస్పందమునకు కావలసిన శక్తి విషయమున మన తెలుగువాని పేరు స్మరింపదగినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు చెన్నపురిలో వైద్యవిద్య ముగించి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో ఉపన్యాసకుడుగా నుండి, పిదప అమెరికాకు పోయి హార్వర్డులో ఫిస్కెతో కలిసి పరిశోధించెను. కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లోను, అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థమును 1929లోను వారు ప్రకటించిరి. ఈ రెండవదానిని అదేకాలమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగా కనుగొనెను. కండరము ముడుచుకొనుటకు ప్రత్యక్షముగా శక్తినిచ్చునది ఈ పదార్థమే. దినమునకు లక్షకు పైగా స్పందించు హృదయము దానిని ఎడతెగక వ్యయించుచు, ఎడతెగక పుట్టించుకొనుచున్నది.

4. పరిభాషావిచారము

ఇంతవరకు వాడిన పదములన్నియు దాదాపు సంస్కృతములే. 1968లో పి.వి. నరసింహారావుగారి చొరవతో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథముల ద్వారా ఇవి విద్యార్థులకు పరిచితములైనవి. అయితే పదము ప్రాచీనమైనంత మాత్రమున దాని నేటి అర్థమును ప్రాచీనమనరాదు. ఇందుకు నాలుగు ఉదాహరణములు చాలును.

"కర్ణిక" అనగానే పండితునకు తామరపూవు నడిమి దుద్దు స్ఫురించును. హృదయమును పద్మముగా వర్ణించుట ప్రసిద్ధమే గనుక ఈ పేరు అందుండియే వచ్చినదని కొందరందురు. అది సరికాదు. ఆ గదికి అంటియున్న తమ్మెను చెవితో పోల్చి పాశ్చాత్యులు పెట్టిన పేరునకు కర్ణశబ్దముతో చేసిన అనువాదమది. "జఠరిక"యును అట్లే, చిన్నకడుపు అను లాటిన్ పదమునకు అనువాదము.

"ధమని", "సిర" అను పదములకు చరకుడు సూత్రస్థానమున వ్యుత్పత్తులు చెప్పెను. ఊదుట, నింపుట అను అర్థమునుండి మొదటిది, సరించుట అను అర్థమునుండి రెండవది వచ్చినవని ఆయన అభిప్రాయము. నేటి శారీరమున హృదయమునుండి బయటకు పోవునది ధమని, హృదయమునకు మరలివచ్చునది సిర. ఈ నియమము ప్రాచీనగ్రంథములలో లేదు. కావున సుశ్రుతమున "సిర" అని కనబడినచోటనెల్ల నేటి సిరను చదువుట దోషము. మరియొకటి: ధమని శుద్ధరక్తమును, సిర అశుద్ధరక్తమును మోయునని పాఠశాలలలో చెప్పుట కలదు. పుపుసధమనియందు ఆమ్లజని తక్కువైన రక్తము, పుపుససిరయందు ఆమ్లజని గల రక్తము ప్రవహించుటచే ఈ లక్షణమునకు వ్యభిచారము తప్పదు. ప్రవాహదిశయే లక్షణము; రక్తగుణము కాదు.

"ప్రాణవాయువు" అను పదము అన్నిటికంటె ప్రమాదకరము. ఆయుర్వేదమున ప్రాణము పంచవాయువులలో నొకటి. అది ఒక క్రియాశక్తి. నేటి తెలుగున ప్రాణవాయువనగా ఆమ్లజని. ఒకే వాక్యమున రెండర్థములను కలిపి చదివి, ప్రాచీనులు ఆమ్లజనిని ఎరుగుదురని సిద్ధాంతించుట శ్లేషయగునే కాని శాస్త్రము కాదు.

5. ప్రాచీనగ్రంథముల సాక్ష్యము

ఉపనిషత్తులలో హృదయప్రస్తావన బహుళము. ఛాందోగ్యమున దహరవిద్య, కఠోపనిషత్తున హృదయమునకు చెందిన నూటొక్క నాడులు ప్రసిద్ధములు. బృహదారణ్యకము హృదయశబ్దమును మూడక్షరములుగా విడదీసి, తెచ్చుట, ఇచ్చుట, పోవుట అను మూడర్థములను చెప్పినది. రక్తమును తెచ్చుట, ఇచ్చుట, పంపుట అని దీనిని కొందరు రక్తప్రసరణపరముగా వ్యాఖ్యానింతురు. కాని అక్కడి ప్రకరణము ఉపాసన. తెచ్చువారు, ఇచ్చువారు ఎవరనగా తనవారును ఇతరులును. పోవుట యనగా స్వర్గమునకు పోవుట. ఉపక్రమోపసంహారములను చూడక ఒక్క పదమును పట్టి అర్థము చెప్పుట మీమాంసాన్యాయమునకు విరుద్ధము. శంకరభగవత్పాదులు మరియొకచో హృచ్ఛబ్దమునకు ముందు పుండరీకాకారమైన మాంసపిండమను అర్థము చెప్పి, పిదప దానియందుండుటచే బుద్ధిని ఆ శబ్దము లక్షించునని వివరించిరి. మంచములు అరచుచున్నవనగా మంచములమీదివారు అరచుచున్నారని గ్రహించునట్లు ఇది తాత్స్థ్యలక్షణ. వాచ్యార్థమేదో, లక్ష్యార్థమేదో వారు కలగాపులగము చేయలేదు, మనమును చేయరాదు.

వైద్యగ్రంథములకు వత్తము. సుశ్రుతుడు శవపరీక్షావిధానమును స్పష్టముగా చెప్పెను. శవమును ముంజగడ్డి మొదలగువానితో చుట్టి, పంజరమున నుంచి, ప్రవాహజలమున ఏడురాత్రులు నానవేసి, పిదప మెల్లమెల్లగా తోమి ఒక్కొక్క పొరను కన్నులార చూడవలెననెను. ఈ ప్రత్యక్షనిష్ఠ శ్లాఘ్యము. ఆయన హృదయమును తలక్రిందులైన తామరమొగ్గతో పోల్చెను. మర్మప్రకరణమున హృదయపరిమాణము ముడిచిన అరచేయియంత అనెను. నేటి శారీరమును పిడికిలియంత అనియే అనుచున్నది. గర్భమునకు నాల్గవమాసమున హృదయము వ్యక్తమగుననియు, అప్పుడు తల్లికి రెండు హృదయములగుననియు, అందుచే ఆమె దౌహృదిని యగుననియు చెప్పెను. గర్భస్థహృదయము మూడవవారము దాటగనే స్పందించునని నేడు తెలియును. అయినను తల్లి కోరికలను గర్భహృదయముతో ముడిపెట్టిన ఆ సూక్ష్మదృష్టి మన కావ్యములలోని దోహదశబ్దమునకు వెలుగునిచ్చుచున్నది.

అదే సుశ్రుతుడు హృదయపద్మము మేల్కొన్నప్పుడు వికసించుననియు, నిద్రించునప్పుడు ముకుళించుననియు చెప్పెను. దీనిని స్పందనమునందలి సంకోచవ్యాకోచములుగా చెప్పుట తగదు. గ్రంథము చెప్పినది జాగరణనిద్రల భేదమును, క్షణక్షణస్పందమును కాదు. సిరలకు, ధమనులకు మూలము నాభియని సుశ్రుతుని మతము. దశమహాధమనులకు మూలము హృదయమని చరకుని మతము. గర్భమునకు నాభినాడి ద్వారానే పోషణ కలుగుటచే సుశ్రుతుని మాట నిరాధారము కాదు. కాని మహర్షులకే మతభేదమున్నచోట "మనవారి సిద్ధాంతము" అని ఏకవచనమున చెప్పుట ఎట్లు?

6. తెలుగులిపి కాపాడిన భేలసంహిత

ఈ విషయమున అందరికంటె ముందునకు పోయినది భేలుడు. ఆత్రేయుని శిష్యులలో అగ్నివేశునకు ఇతడు సహాధ్యాయి. రసము హృదయమునుండి వెలువడి సర్వత్ర పోవుననియు, సిరల ద్వారా మరల హృదయమును చేరుననియు భేలసంహితలో గలదు. చరకమున వ్యానవాయువు రసధాతువును నిరంతరము దేహమంతట విసరుచున్నదని యున్నది. సుశ్రుతమున హృదయమునుండి రసము ఇరువదినాలుగు ధమనులలో ప్రవేశించునని యున్నది. ఆ రెండును పోవుటను చెప్పినవి. మరలివచ్చుటను చెప్పినది భేలసంహిత. మనస్సునకు స్థానము శిరస్సునకు, తాలువునకు నడుమనున్నదని చెప్పిన విశేషమును ఈ గ్రంథముననే గలదు.

తెలుగువారు తెలిసికొనవలసిన సంగతి యేమనగా, ఈ గ్రంథముద్రణకు ఆధారమైన వ్రాతప్రతి తంజావూరు రాజభవనపు సరస్వతీమహల్ గ్రంథాలయమున తెలుగు లిపిలో నున్నది. 1880లో వెలువడిన బర్నెల్ పండితుని సూచీగ్రంథము దానిని లోకమునకు తెలిపెను. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయము ముద్రించెను. తంజావూరిని తెలుగు నాయకరాజులు 1673 వరకు ఏలిరి. పిమ్మట మరాఠా ప్రభువులును తెలుగును ఆదరించిరి. ఆ వాతావరణమున, పేరెరుగని యొక తెలుగు లేఖకుని చేతివ్రాత వలన ఈ మాట మనకు దక్కినది. ప్రతి శిథిలము, అసంపూర్ణము. దానిని వ్రాయకయున్నచో ఆ హృదయవాక్యమును నేడు చర్చించుటకు ఆధారమే యుండకపోవును. పల్లెలలో అటుకలమీద నున్న తాటాకు కట్టలను ఏటిలో విడుచువారికి ఈ యొక్క నిదర్శనము చాలును.

7. ప్రతిజ్ఞకు, హేతువునకు నడుమ

అట్లయినచో రక్తప్రసరణమును భేలుడే కనుగొనెననవచ్చునా? ఇచ్చటనే మన తర్కశాస్త్రము ఉపకరించును. భేలుని వాక్యము ప్రతిజ్ఞ. దానికి హేతువు, ఉదాహరణము గ్రంథమున లభింపవు. చెప్పబడినది రసము, కుడి ఎడమ గదులు లేవు, కవాటములు లేవు, ఊపిరితిత్తులగుండ పోయివచ్చు మార్గము లేదు.

పాశ్చాత్యులకును ఇది ఒక్కనాట తెలియలేదు. హృదయపు నడిమిగోడలో కంటికి కానరాని రంధ్రములున్నవని గేలెన్ చెప్పగా పదునైదు శతాబ్దములకు దగ్గరగా ఆ మాటయే చెల్లెను. పదుమూడవ శతాబ్దమున అరబ్బు వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ ఆ రంధ్రములు లేవనియు, రక్తము ఊపిరితిత్తుల మార్గముననే ఎడమకు చేరుననియు వ్రాసెను. 1628లో ఆంగ్లవైద్యుడు విలియం హార్వీ తన లాటిన్ గ్రంథమున ప్రసరణమును స్థాపించెను.

హార్వీ యుక్తి నైయాయికునకు వింతగొల్పును. అది మన మీమాంసకుల అర్థాపత్తియే. పగలు భుజింపని దేవదత్తుడు బలిసియున్నాడు; కావున రాత్రి భుజించుచున్నాడని కల్పింపక తప్పదు. ఇచ్చట నేటి లెక్కలతో చూతము. ఒక స్పందమునకు ఎడమజఠరిక సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును వెలువరించును. 75 స్పందములకు 5,250 మిల్లీలీటర్లు, అనగా నిమిషమునకు ఐదుంబావు లీటర్లు. గంటకు 315 లీటర్లు. దేహమున ఉన్న రక్తమంతయు సుమారు ఐదు లీటర్లే. గంటకు మూడువందల లీటర్ల రక్తమును ఏ ఆహారము పుట్టించును? పుట్టినను ఏ అవయవము ఇముడ్చుకొనును? కావున పోయిన రక్తమే మరలివచ్చుచున్నదని కల్పింపక తప్పదు. హార్వీ తీసికొన్న లెక్కలు దీనికంటె చాల తక్కువ. ఆ తక్కువ లెక్కతోడనే ఆయన యుక్తి నిలిచెను. చేతిసిరలను కట్టి, వానిలోని తలుపులు రక్తమును హృదయమువైపునకే పోనిచ్చునని ప్రయోగముతో చూపెను.

అయినను ధమనుల చివరినుండి సిరల మొదటికి రక్తమెట్లు చేరునో ఆయన చూడలేదు. 1661లో మాల్పీఘీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తులయందు కేశనాళికలను చూచెను. అర్థాపత్తి కల్పించినదానిని ప్రత్యక్షము ముప్పదిమూడేండ్ల పిదప ధ్రువపరచినది. శబ్దము, అర్థాపత్తి, ప్రత్యక్షము అను ఈ మూడు మెట్లను వేరువేరుగా చూపగలిగినచో, భేలునకు దక్కవలసిన గౌరవము భేలునకును, హార్వీకి దక్కవలసినది హార్వీకిని దక్కును. ఒకరిని పొగడుటకు మరియొకరిని తగ్గింపనక్కరలేదు.

8. ఉపయోగవిచారము

ఈ విచారము గ్రంథములకే పరిమితము కాదు. మా హసన్‌పర్తి పరిసరగ్రామములలోను, ఇతరత్రాను రొమ్మునొప్పి వచ్చినప్పుడు "వాయువు పట్టినది", "గ్యాసు" అని వాము నమలి, సోడా త్రాగి తెల్లవారువరకు వేచియుండుట కలదు. చదువుకొన్నవారు కొందరు దానికి వాతదోషమని శాస్త్రపు ముద్ర వేయుదురు. హృద్ధమని రక్తపు గడ్డచే మూసికొనిపోయినప్పుడు, ఆ ధమని పోషించు కండరము నిమిషనిమిషమును నశించుచుండును. రొమ్ము నడుమ బరువు, ఎడమచేతికి గాని దవుడకు గాని వీపునకు గాని ప్రాకు నొప్పి, చెమట, ఆయాసము దాని సామాన్యలక్షణములు. మధుమేహముగలవారిలోను, స్త్రీలలోను నొప్పి స్పష్టముగా లేకయు రావచ్చును. మూసికొన్న మార్గమును తెరచుటకు మందులును, లోహపు జాలికలును నేడు గలవు. హైదరాబాదు హృదయవైద్యుడు సోమరాజు, శాస్త్రజ్ఞుడు అబ్దుల్ కలాం 1990వ దశకమున కలిసి తక్కువ వెలకు అట్టి జాలికను రూపొందించిరి. కాని ఏ సాధనమైనను తొలిగంటలలో చేరినవానికే పూర్ణఫలము నిచ్చును. వెంటనే 108కి తెలిపి ఆస్పత్రికి చేర్చుటయే కర్తవ్యము.

శాస్త్రమును నమ్మువారికి శాస్త్రమే ఈ మాట చెప్పుచున్నది. నూటయేడు మర్మములలో సద్యఃప్రాణహరములు పందొమ్మిది. హృదయము వానిలో నొకటి. శిరస్సు, హృదయము, వస్తి అను మూడింటిని చరకుడు ప్రధానమర్మములుగా ఎంచి, వాని రక్షణ ప్రధానమనెను. అట్టి మర్మమున నొప్పి పుట్టగా వాయువని ఉపేక్షించుట ఆయుర్వేదము కాదు, ఆయుర్వేదమునకు అపచారము.

వరంగల్లున 1959లో స్థాపితమైన కాకతీయ వైద్యకళాశాల కలదు. అనంతలక్ష్మి ఆయుర్వేద కళాశాల కలదు. సంస్కృతాంధ్రములు చదివిన అధ్యాపకులు గలరు. వైద్యుడు అర్థమును, ఆయుర్వేదపండితుడు సంప్రదాయమును, వైయాకరణుడు పదమును తెచ్చి యొకచోట కూర్చుండినచో, ఏ పదము ఏ గ్రంథమున ఏ అర్థమున నున్నదో, నేడు ఏ అర్థమున వాడుచున్నామో చూపు చిన్న పదకోశమొకటి సిద్ధమగును. ఆరంభమునకు ధమని, సిర, నాడి, ప్రాణము, వాయువు అను ఐదు పదములు చాలును. వాని అర్థములను విడదీసి చెప్పగలిగిన అధ్యాపకుని విద్యార్థి రేపు తన యింట ఒకరి రొమ్మునొప్పిని వాయువని పొరబడడు. విద్వాంసులు ఈ సూచనను పరిశీలింతురుగాక.